పాత అమెరికన్ పెద్ద కారు కొనాలంటే: లింకనా, క్యాడిలాకా, ఇంపీరియలా?

ఇల్లు స్థిరపడి, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక, అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో కొందరికి 1960ల నాటి పొడవాటి సెడాన్ ఒకటి గ్యారేజీలో ఉంటే బాగుండునన్న కోరిక పుడుతుంది. వెతకడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే చూపు మూడు పేర్ల దగ్గర నిలుస్తుంది: ఫోర్డ్ వారి లింకన్ కాంటినెంటల్, జనరల్ మోటార్స్ వారి క్యాడిలాక్ డివిల్, క్రైస్లర్ వారి ఇంపీరియల్. ఇక అక్కడి నుంచి ఏది గొప్పదన్న తర్జనభర్జన నెలల తరబడి సాగుతుంది. మూడూ గొప్పవే. కానీ అరవై ఏళ్ల వయసున్న కారును మోడల్ పేరు చూసి ఎంచుకోవడం, జాతకం ఒక్కటే చూసి పెళ్లి ఖాయం చేసుకోవడం లాంటిది. ఎదురుగా ఉన్న ఆ ఒక్క కారు ఇన్నేళ్లూ ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఎలా గడిపిందో తెలుసుకున్నాకే పేరు సంగతి.

అలాగని పేరుకు విలువే లేదని అనను. ఒకే స్థితిలో ఉన్న మూడు కార్లను పక్కపక్కన నిలబెడితే ఏది తీసుకోవాలో కూడా మొహమాటం లేకుండా చెబుతాను. ముందు స్థితి గురించి.

భద్రంగా ఉన్న కారే ఎందుకు

ఈ తరం కార్లలో ఇంజిను పాడైతే బాగుచేసుకోవచ్చు. గేర్‌బాక్సు, బ్రేకులు, రేడియేటర్, కార్బురేటర్ అన్నీ అంతే. పాత కార్ల మీద చేయి తిరిగిన మెకానిక్కు దొరికితే చాలు, కంప్యూటర్ తగిలించి చూడాల్సిన అవసరమే రాదు. చిక్కంతా కంటికి అందంగా కనిపించే వాటితోనే. తలుపు పొడవునా సాగే లోహపు పట్టీ, వెనక లైటు చట్రం, సీటు మీది అసలు బట్ట, డ్యాష్‌బోర్డు మీది కవచం, వంపు తిరిగిన అద్దం. ఇవి విరిగినా, చిరిగినా, ఎండకు పెళుసెక్కినా కొత్తవి తయారు చేసేవాళ్లు చాలా తక్కువ. మరో పాత కారు నుంచి విప్పి తెచ్చుకోవాలి, లేదా చేతిపనివారితో చేయించుకోవాలి. బంపర్లకు మళ్లీ క్రోమ్ పూత వేయించడానికి అయ్యే ఖర్చు విన్నాక చాలామంది ఆ మాటే మళ్లీ ఎత్తరు.

దీనికి తోడు సెడాన్‌కు ఒక ఆర్థిక సూత్రం ఉంది. పాత కార్ల సంతలో పైకప్పు తెరుచుకునే కన్వర్టిబుల్‌కు ఉన్న గిరాకీ నాలుగు తలుపుల సెడాన్‌కు లేదు. అదే ఏడాది, అదే ఇంజిను ఉన్నా సెడాన్ ధర చాలా కిందే ఉంటుంది. మరమ్మతు ఖర్చు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే. అంటే శిథిలమైన సెడాన్‌ను తక్కువకు కొని పూర్తిగా బాగుచేయిస్తే, పెట్టిన డబ్బులో పెద్ద భాగం తిరిగిరాదు. ఆ డబ్బును అంతకుముందే మరొకరు పెట్టి ఉన్న కారును, లేదా అసలు పెట్టే అవసరమే రాని కారును వెతుక్కోవడం తెలివైన పని. కొనేవాడికి ఇది మంచి వార్తే: కన్వర్టిబుల్ మోజును పక్కన పెట్టగలిగితే, ఒక మామూలు కన్వర్టిబుల్ ధరకే అద్భుతంగా ఉన్న సెడాన్ దొరుకుతుంది.

మరొకరు బాగుచేయించిన కారా, కర్మాగారం నుంచి వచ్చిన రంగుతోనే మిగిలిన కారా అంటే, నేను రెండోదాని వైపే మొగ్గుతాను. కొత్త రంగు కింద ఏమి దాచారో తెలియదు. పాత రంగు ఏమీ దాచలేదు. అక్కడక్కడ పలచబడి ఉండవచ్చు, ఒకటి రెండు గీతలు ఉండవచ్చు, అయినా లోపలి ఇనుము సంగతి నిజాయితీగా చెబుతుంది. ఇలాంటి కార్లను గౌరవించే పద్ధతి కూడా అక్కడ ఎప్పటినుంచో ఉంది. 1935లో మొదలైన ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, అసలు భాగాలను నిలుపుకున్న కార్ల కోసం తన ప్రదర్శనల్లో ప్రత్యేక తరగతినే పెట్టింది. మెరుపు కోసం రంగు వేయించేస్తే ఆ అసలుతనం పోతుంది.

ఇక మైళ్లు. ప్రకటనల్లో '43 వేల మైళ్లు మాత్రమే' అని కనిపించగానే పొంగిపోనక్కరలేదు. ఆ కాలపు మీటర్లలో మైళ్లకు ఐదు అంకెలే ఉండేవి. 99,999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 43 వేలు అన్నది 1,43,000 కూడా కావచ్చు. యాజమాన్య పత్రం మీద కూడా ఇంత పాత కార్లకు మైళ్ల నమోదు నుంచి మినహాయింపు ఉంటుంది కాబట్టి అది సాక్ష్యంగా పనికిరాదు. బ్రేకు పెడల్ మీది రబ్బరు, డ్రైవరు వైపు చేతి ఆనుడు, తలుపు కీలుల వదులు, పాత సర్వీసు రసీదులు అసలు సాక్షులు. పెడల్ రబ్బరు అంచులు అరిగి నున్నబడితే 43 వేల మాట నమ్మకండి. రబ్బరు మరీ కొత్తగా మెరుస్తుంటే, అదెప్పుడు మార్చారో అడగండి.

నిజంగానే తక్కువ తిరిగిన కారులోనూ ఒక తిరకాసు ఉంది. ముప్పై ఏళ్లు కొట్టంలో కదలకుండా ఉన్న కారు కన్నా ఏటా వెయ్యి మైళ్లు తిరిగిన కారు ఎన్నో రెట్లు నయం. కదలని కారులో పెట్రోలు ట్యాంకు అడుగున జిగురుగా పేరుకుంటుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు సీళ్లు ఎండి నూనె కారుతుంది, సీట్ల కింద ఎలుకలు కాపురం పెడతాయి. చూడటానికి మాత్రం కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతూ ఉంటుంది.

కాంటినెంటల్: కళ్లు లాగేసే కారు

ముగ్గురిలో చూడచక్కనిది ఏదంటే రెండో మాట లేదు. 1961లో డిజైనర్ ఎల్వుడ్ ఎంగెల్ గీసిన కాంటినెంటల్ వచ్చేదాకా అమెరికన్ ఖరీదైన కారు అంటే రెక్కలు, గుత్తులు గుత్తులుగా క్రోమ్. ఈ కారు అదంతా ఊడ్చేసింది. పక్కలు నునుపు, పైన గీత గీసినట్టు ఒకే ఒక మెరుపు అంచు. వెనక తలుపులు ముందు తలుపులకు ఎదురుగా, మధ్య స్తంభం దగ్గర నుంచి తెరుచుకుంటాయి. మొదట ఫోర్డ్ వారి మరో కారు థండర్‌బర్డ్ కోసం తయారైన నమూనానే పెంచి దీన్ని చేశారు. అప్పట్లో సెడాన్ ధర 6,067 డాలర్లు, అంటే మామూలు కుటుంబాల కారైన షెవ్రొలే ఇంపాలాకు రెండింతల పైమాటే. దానికి తగ్గట్టే మిషిగన్‌లోని విక్సమ్ కర్మాగారంలో ప్రతి కారునూ 12 మైళ్లు రోడ్డు మీద నడిపి చూశాకే బయటికి పంపేవారు. ఆ రోజుల్లో ఎవరూ ఇవ్వని రెండేళ్లు లేదా 24,000 మైళ్ల వారంటీ ఇచ్చారు. అధ్యక్షుడు కెనెడీ డాలస్‌లో చివరిసారి ఎక్కిన కారు దీని కన్వర్టిబుల్ రూపమే. అందుకే ఈ ఆకారాన్ని గుర్తుపట్టని అమెరికన్ పెద్దవాళ్లు అరుదు.

ఏ ఏడాది తీసుకోవాలన్నది ఇక్కడ ముఖ్యం. 1961 నుంచి 1963 వరకు చక్రాల మధ్య దూరం 123 అంగుళాలు. వెనక సీటులో కాళ్లకు చోటు చాలదని 1964లో మరో మూడు అంగుళాలు పెంచారు. 1965లో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు మామూలుగానే రావడం మొదలైంది. రెండున్నర టన్నులకు దగ్గరగా ఉండే కారును పాత డ్రమ్ము బ్రేకుల మీద ఆపడం ఒకటి, డిస్కుల మీద ఆపడం మరొకటి. కాబట్టి అందం, వెనక సీటు, బ్రేకులు మూడూ కావాలంటే 1965 మోడల్. 1966 నుంచి శరీరం పెరిగింది, గీతల్లోని పదును కొంత తగ్గింది. కానీ నడిపించుకునే దృష్టితో చూస్తే ఆ చివరి కార్లకు ఒక మేలు ఉంది. మొదటి ఐదేళ్లూ వాడిన 430 క్యూబిక్ అంగుళాల ఇంజిను, 1966లో వచ్చిన 462, రెండూ ఫోర్డ్ సంస్థలో కొద్ది కార్లకే పరిమితమైన కుటుంబానివి. 1968 మధ్యలో దాని స్థానంలో వచ్చిన 460 ఇంజినును మాత్రం ఫోర్డ్ 1990ల దాకా తన పెద్ద ట్రక్కుల్లో కూడా వాడింది. దాని సామాన్లు ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతాయి. చూసి మురిసిపోవడానికి 1965, తరచుగా బయటికి తీయడానికి 1969.

దీని జబ్బులు తెలుసుకుని కొనాలి. కాంటినెంటల్‌కు విడిగా చట్రం లేదు, శరీరమే చట్రం. నేల రేకు, ముందు చక్రాల వెనక ఉండే పెట్టెలాంటి భాగాలు తుప్పు పడితే అది పైపై మరమ్మతుతో పోయేది కాదు, కారు నడుమే బలహీనపడినట్టు. లిఫ్టు మీద ఎత్తి చూడనివ్వని అమ్మకందారు దగ్గర ఈ కారు కొనకండి. మరో విచిత్రం, అద్దం తుడిచే వైపర్లు. వీటికి కరెంటు మోటారు లేదు, స్టీరింగు పంపు నుంచి వచ్చే ద్రవ ఒత్తిడితో పనిచేస్తాయి. పనిచేసినంత కాలం సాఫీగా, చప్పుడు లేకుండా ఊగుతాయి. కారడం మొదలైతే మామూలు మెకానిక్కు తల గోక్కుంటాడు. వాన వచ్చే రోజున బయటికి తీయకపోతే సరి అనుకునేవాళ్లూ ఉన్నారు. అది సలహా అనిపించుకోదు.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఎక్కించుకోవాలంటే, పెళ్లి ఊరేగింపుకు ఇవ్వాలంటే ఆ ఎదురెదురు తలుపులకు సాటి లేదు. పట్టుచీర కట్టుకున్నవాళ్లు నిటారుగా అడుగు పెట్టి కూర్చోవచ్చు. ఊరేగింపు అంటే ఒక జాగ్రత్త: జూలై ఎండలో నడక వేగంతో అరగంట కదిలితే పాత ఇంజిను వేడెక్కుతుంది. రేడియేటర్ శుభ్రం చేయించకుండా ఆ మాట ఇవ్వకండి. వెనక కూర్చునేది చిన్నపిల్లలైతే గొళ్లేలు సరిగ్గా పడుతున్నాయో లేదో ప్రతిసారీ చూసుకోవాలి, ఎందుకంటే కదులుతున్న కారులో గొళ్లెం ఊడితే ఆ తలుపును గాలి మూయదు, ఇంకా తెరుస్తుంది.

క్యాడిలాక్: కలిసి బతకగలిగే కారు

నా ఓటు దీనికే. 1965 నుంచి 1970 దాకా వచ్చిన సెడాన్ డివిల్, అందులోనూ 1968 నుంచి 1970 వరకు. కారణం కవిత్వం కాదు, లెక్క. 1966లో లింకన్ 54 వేల పైచిలుకు కార్లు చేస్తే క్యాడిలాక్ దాదాపు 2 లక్షలు చేసింది. 1968లో అది 2 లక్షల 30 వేలు. ఎక్కువ చేశారు కాబట్టి ఎక్కువ మిగిలాయి. ఎక్కువ మిగిలాయి కాబట్టి సామాన్లు చేసేవాళ్లు, దాచేవాళ్లు, బాగుచేయడం తెలిసినవాళ్లు ఎక్కువ. ఎంచుకునే వీలు కూడా కొనేవాడికే ఎక్కువ: నచ్చని కారును వదిలేస్తే మరో నెలలో మరొకటి వస్తుంది. ఇంపీరియల్ విషయంలో ఆ ధీమా ఉండదు.

1968లో వచ్చిన 472 క్యూబిక్ అంగుళాల ఇంజిను 375 హార్స్‌పవర్ అని ప్రకటించారు. ఆ అంకెను నేటి కార్ల అంకెతో పోల్చకండి. 1971 దాకా అమెరికాలో సహాయక పరికరాలేవీ తగిలించకుండా విడిగా కొలిచిన శక్తినే ప్రకటించేవారు, 1972 నుంచి కారులో బిగించిన స్థితిలో కొలవడం మొదలైంది. అంకె ఏదైనా, ఇంత ఇంజినుకు పని ఉన్నట్టే అనిపించదు. డెబ్బై మైళ్ల వేగంలో లోపల మాటలు గుసగుసల్లో నడుస్తాయి. ఇంజిను వెనక ఉన్న టర్బో హైడ్రామ్యాటిక్ గేర్‌బాక్సు ఎంత గట్టిదంటే రోల్స్ రాయిస్ కూడా తన కార్ల కోసం అదే కొనుక్కుంది. దాన్ని విప్పి బిగించగల మెకానిక్కు ఏ పట్టణంలోనైనా దొరుకుతాడు. 1964 నుంచే క్యాడిలాక్‌లో ఉష్ణోగ్రత అంకె పెడితే తనంతట తానే చల్లదనాన్నీ వేడినీ చూసుకునే ఏసీ వచ్చింది. టెక్సస్, ఆరిజోనా వాసులకు ఇది చిన్న విషయం కాదు. అయితే అది సన్నని గాలి గొట్టాల వల మీద నడుస్తుంది, ఒక్క గొట్టం పగిలినా మనం అడిగింది ఒకటి, అది ఇచ్చేది మరొకటి అవుతుంది.

భద్రత విషయంలోనూ ఈ సంస్థ కొంచెం ముందుంది. బ్రేకు ద్రవం ఒకచోట కారిపోయినా మిగతా రెండు చక్రాల బ్రేకులు పట్టేలా రెండు భాగాల మాస్టర్ సిలిండర్‌ను క్యాడిలాక్ 1962లోనే పెట్టింది. అమెరికన్ కార్లలో అది అందరి పద్ధతిగా మారింది 1967 మోడళ్ల నుంచి. అంతకుముందు కారు కొంటున్నారంటే, ఏ సంస్థదైనా, బ్రేకులు ఒక గొట్టమా రెండా అని మొట్టమొదట అడగాలి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు డివిల్‌లో మొదట్లో అదనపు ఎంపికగానే దొరికాయి, చక్రం సందులోంచి చూస్తే తెలిసిపోతుంది.

దీనికీ ఒక దాగిన లోపం ఉంది. 472 ఇంజినులో, వాల్వులను కదిలించే కామ్ కడ్డీకి గొలుసు తగిలించే పళ్ల చక్రం పళ్లకు చప్పుడు తగ్గాలని నైలాన్ తొడుగు వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నైలాన్ పెళుసై ముక్కలుగా రాలి నూనె పంపు నోటికి అడ్డం పడుతుంది. మైళ్లతో సంబంధం లేదు, వయసే శత్రువు. మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి, కొన్న వెంటనే మార్పించండి.

డివిల్ సెడాన్ ఆ ఏళ్లలో రెండు రకాలుగా వచ్చింది. తలుపుల మధ్య స్తంభం ఉన్నది ఒకటి, అద్దాలన్నీ దించితే పక్క మొత్తం తెరుచుకునే హార్డ్‌టాప్ మరొకటి. ఫొటోలో హార్డ్‌టాప్ గెలుస్తుంది. స్తంభం ఉన్న కారులో గాలి చప్పుడు తక్కువ, నీరు కారడం తక్కువ, ధర కూడా సాధారణంగా తక్కువ. ఇంకా పైకి పోయి ఫ్లీట్‌వుడ్ బ్రోఅమ్ తీసుకుంటే చక్రాల మధ్య దూరం 129.5 నుంచి 133 అంగుళాలకు పెరుగుతుంది, ఆ పెరిగినదంతా వెనక కూర్చున్నవారి మోకాళ్లకే. కారు మీరే నడుపుతారు కదా, ఆ మూడున్నర అంగుళాలకు అదనంగా ఇవ్వాలా అన్నది ఆలోచించుకోండి.

ఇంపీరియల్: పట్టుదల ఉన్నవారికి

1964 నుంచి 1966 వరకు వచ్చిన ఇంపీరియల్‌ను చూస్తే కాంటినెంటల్ దూరపు చుట్టమేమో అనిపిస్తుంది. నిజమే, ఎల్వుడ్ ఎంగెల్ 1961లో ఫోర్డ్ వదిలి క్రైస్లర్‌కు వెళ్లి దీన్ని గీశాడు. మిగతా క్రైస్లర్ కార్లు 1960లోనే చట్రం లేని నిర్మాణానికి మారినా, దీనికి మాత్రం 1966 దాకా విడి చట్రం కొనసాగింది. అది ఎంత మొండిదంటే, పాత కార్లను ఒకదానితో ఒకటి గుద్దించే డిమాలిషన్ డెర్బీ పోటీల్లో చాలాచోట్ల ఇంపీరియల్‌ను నిషేధించారు. ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగుల బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు (టార్షన్ బార్లు) ఉండటం వల్ల మలుపుల్లో మిగతా రెండింటికన్నా నిలకడగా ఉంటుంది. నడపడంలో ఆనందం వెతికేవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. 1966లో వచ్చిన 440 ఇంజిను, టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్సు క్రైస్లర్ సంస్థ ఇతర కార్లలోనూ విరివిగా వాడినవే, వాటికి లోటు లేదు.

లోటంతా పైభాగానిది. ఈ మూడేళ్లలో ఏ ఏడాదీ పాతిక వేల కార్లు కూడా అమ్ముడుపోలేదు. అద్దం పగిలినా, లైటు చట్రం విరిగినా దేశమంతా గాలించాలి. కాబట్టి దీని విషయంలో నియమం ఒక్కటే: ఒక్క పట్టీ కూడా తక్కువ లేని కారైతేనే తీసుకోండి. ఇంజిను నడవకపోయినా సరే, అలంకారాలన్నీ ఉన్న ఇంపీరియల్ మంచి బేరం. చక్కగా నడుస్తూ వెనక అద్దం పగిలిన ఇంపీరియల్ చెడ్డ బేరం.

కొంచెం కొత్త కార్ల సంగతి

అంత పాతది వద్దనుకునేవారికి 1977 నుంచి 1979 వరకు వచ్చిన డివిల్ మంచి మధ్యేమార్గం. 1977లో కారును తొమ్మిది అంగుళాలకు పైగా కుదించినా లోపలి చోటు తగ్గనివ్వలేదు, 425 ఇంజిను నమ్మకమైనది. బంపర్ల చివర ఉండే మెత్తని ప్లాస్టిక్ ముక్కలు పొడిపొడిగా రాలిపోవడం ఈ కాలపు క్యాడిలాక్‌ల సామాన్య లక్షణం, వాటికి కొత్తవి దొరుకుతాయి. అక్కడి నుంచి ముందుకు మాత్రం జాగ్రత్త. డీజిల్ ఇంజిను ఉన్నవి, అవసరాన్ని బట్టి సిలిండర్లు మూసుకునే 1981 నాటి వీ8-6-4, 1982లో వచ్చిన 4.1 లీటర్ల ఇంజిను, ఈ మూడింటి జోలికి పోకండి. తళతళలాడుతూ, మైళ్లు తక్కువగా, చవకగా కనిపించే 1980ల క్యాడిలాక్‌లలో చాలా వాటి చవకకు కారణం అదే.

ఆ దశాబ్దంలోనే కావాలంటే 1986 నుంచి 1989 వరకు వచ్చిన లింకన్ టౌన్ కార్ తీసుకోండి. పాతకాలపు పెట్టె ఆకారం, సోఫాలాంటి సీట్లు ఉంటాయి. కార్బురేటర్ లేని 5.0 లీటర్ల ఇంజిను చలికాలం ఉదయం కూడా ఒక్క తాళం తిప్పుడుకే లేస్తుంది. పాత కారు కావాలి గానీ పాత కారు బాధలు వద్దనేవారికి ఇంతకు మించిన సలహా నా దగ్గర లేదు.

ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ నిలుపుతారు

న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్‌లలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ జీవితమంతా గడిపిన కారుకు పైన మెరుపు ఎంత ఉన్నా కింద అనుమానం ఉండనే ఉంటుంది. ఆరిజోనా, పడమటి టెక్సస్, కాలిఫోర్నియా లోతట్టు ప్రాంతాల కార్లకు తుప్పు తక్కువ, కానీ ఎండకు డ్యాష్‌బోర్డు పగులుతుంది, సీట్ల బట్ట చివికిపోతుంది. ఎండ దెబ్బ, తుప్పు రెండింట్లో ఒకటి తప్పదంటే ఎండ దెబ్బనే ఒప్పుకుంటాను. పైకప్పుకు వినైల్ తొడుగు ఉంటే ఏ ప్రాంతపు కారైనా వెనక అద్దం కింది మూలలు వేలితో నొక్కి చూడండి. ఆ తొడుగు కింద చేరిన నీరు చడీచప్పుడు లేకుండా రేకును తినేస్తుంది.

కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో లెక్క ఉంది. 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య పరీక్ష) లేదు, 1976 నుంచి ఉంది. బే ఏరియాలో ఉండి 1977 డివిల్ కొనాలనుకుంటే, ఆ పరీక్ష ఇటీవల గట్టెక్కిన కాగితం చూడకుండా బయానా ఇవ్వకండి.

ఇక టేపు పట్టుకుని గ్యారేజీ కొలవండి. నేటి క్యామ్రీ 16 అడుగుల చిల్లర. 1965 కాంటినెంటల్ 18 అడుగులు, డివిల్ 18 అడుగుల 8 అంగుళాలు, ఇంపీరియల్ దాదాపు 19 అడుగులు. ఇరవై అడుగుల గ్యారేజీలో వెనక గోడకు వాటర్ హీటరో, దేశం నుంచి తెచ్చిన సామాన్ల పెట్టెలో ఉంటే తలుపు మూతపడదు. ఈ కారణంతోనే ఇంపీరియల్‌ను వదులుకోవాల్సి రావచ్చు, అది సరైన కారణమే. బయట పందిరి కింద కవరు కప్పి ఉంచుతామంటే మాత్రం కొనడం మానేయండి. ఏళ్ల తరబడి ఎవరో కాపాడిన కారు రెండు వానాకాలాల్లో చెడిపోతుంది. పైగా పాత కార్లకు ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే బీమా తక్కువ ప్రీమియంకే దొరుకుతుంది గానీ, సాధారణంగా తాళం వేసే గ్యారేజీ, రోజువారీ వాడకానికి మరో కారు ఉండాలని షరతు పెడతారు.

హైదరాబాదుకో విశాఖకో తీసుకెళ్లాలన్న ఆలోచన ఉంటే, ఎడమ వైపు స్టీరింగు, దిగుమతి అనుమతులు, సుంకాలు అన్నీ లెక్కేసుకోండి. భారతదేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని కార్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు. ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనానికి తప్ప మామూలు తిరుగుడుకు తీయకూడదు. నన్నడిగితే ఈ కార్లు పుట్టిన రోడ్ల మీదే బాగుంటాయి.

బేరం రోజు, ఆ తర్వాతి నెల

చూడటానికి వస్తున్నప్పుడు ఇంజిను వేడి చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. చల్లని ఇంజిను ఎలా లేస్తుంది, మొదటి పొగ ఏ రంగు, నూనె ఒత్తిడి దీపం ఎంతసేపట్లో ఆరుతుంది అన్నవి వేడెక్కాక తెలియవు. డిక్కీలో చాప ఎత్తి నేల రేకు చూడండి. తలుపుల అడుగున అయస్కాంతం ఆనించండి, అంటుకోని చోట రేకు బదులు పూత ఉన్నట్టే. ప్రతి అద్దం దించి ఎత్తండి, ప్రతి సీటు కదపండి, గడియారం కూడా చూడండి. గడియారం తిరుగుతున్న పాత కారు కనిపిస్తే, ఆ యజమాని మిగతావాటిని కూడా పట్టించుకున్నాడని నా అనుభవం. రంగు మందం కొలిచే చిన్న పరికరం కొనుక్కుంటే దాని ఖర్చు మొదటి కారు దగ్గరే గిట్టుబాటవుతుంది.

అడిగిన ధర పక్కన మొదటి ఏడాది ఖర్చు అని మరో అంకె రాసుకుని, రెండూ కలిపి మీ లెక్కలో ఉంటేనే ముందుకు వెళ్లండి. కారు ఇంటికి వచ్చాక టైర్ల పక్కన ఉన్న నాలుగంకెల కోడ్ చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటితే అరుగుదల లేకపోయినా తీసేయాలి. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది, దాని మీద ఇంటికి కూడా నడపకండి, ట్రైలర్ మీద తెప్పించుకోండి. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు అన్నీ కొత్తవి వేయించండి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ ఆ కాలపు రబ్బరును మెత్తబరుస్తుంది, వేడి ఇంజిను మీద కారే పెట్రోలుతో ఆటలు వద్దు. ఇంజినాయిల్ జింకు ఎక్కువగా ఉన్న రకం పోయించండి, అది లేకపోతే పాత కామ్‌లు అరిగిపోతాయి. ఎక్కువ కంప్రెషన్ ఉన్న 1960ల ఇంజిన్లకు పంపు దగ్గర ప్రీమియం పెట్రోలే కొట్టించాలి, అది కూడా గ్యాలనుకు పది పన్నెండు మైళ్ల లెక్కన. ఏసీలో పాత ఆర్-12 వాయువు ఉంటే, అది ఖాళీ అయ్యాక కొత్త రకానికి మార్పించుకోవచ్చు, తొందర లేదు. రేడియో, సీట్ల పాలిష్, తెల్ల అంచు టైర్ల ముచ్చట ఆ తర్వాత.